నేను నడపని గంట

మా ల్యాబ్ మేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను హైదరాబాద్‌లో మా కంపెనీ టెస్టింగ్ గదిలో ఉన్నాను. ఫోన్ చేసింది కోరుట్ల నుంచి ఆమె చెల్లెలు. ఆదివారం పొద్దున చర్చికి తయారవుతూ, కొప్పు ముడుచుకుంటూ ముడుచుకుంటూ కుర్చీలో వెనక్కి ఒరిగారట. ఆటో పిలిచేలోపే అయిపోయింది. యాభై రెండేళ్లు కూడా నిండలేదు. "ఎవ్వలకు తక్లీఫ్ ఇయ్యకుంట పోయింది అక్క" అని చెల్లెలు ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ముందు భయం వచ్చింది, ఇక చెప్పే వీలు లేదు కదా అని.

మేడం జ్ఞాపకార్థం చర్చిలో జరిగే ఆదరణ కూడిక రోజు పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నామనీ, ఆమె దగ్గర చదువుకున్నదాన్ని కాబట్టి నేనూ రెండు మాటలు రాయాలనీ చెల్లెలు అడిగింది. రాసి పంపాను. ఆమె ఓపిక గురించి, శుభ్రత గురించి, ముత్యాల్లాంటి చేతిరాత గురించి రాశాను. చదివినవాళ్లు బాగుందన్నారు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఆ రెండు పేజీలు చూస్తే నాకే ఒళ్లు మండుతోంది. మేడం ఉద్యోగం పోయింది నా వల్ల. సిరిసిల్లలో మా మేనమామ చెయ్యి కాలిందీ నా వల్లే. ఐదేళ్లపాటు ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు. అది దాచిపెట్టి ఆమెను పొగుడుతుంటే, నా భుజం మీదుగా ఎవరో వంగి చదువుతున్నట్టే ఉంటోంది. అందుకని మళ్లీ మొదటి నుంచి రాస్తున్నాను.

మేడం జగిత్యాల దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పవర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకునేవారు. లెక్చరర్ కాదు. కాంట్రాక్టు మీద ఉద్యోగం, ఏటా కాగితం మారాలి. పుట్టింది గొల్లపల్లి వైపు ఒక పల్లె. అమ్మానాన్నలది కూలిపని, సెంటు భూమి లేదు. "మా ఇంట్ల కరెంటు నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు చూసిన. గందుకే నాకు దాని మీద మర్యాద ఎక్కువ" అనేవారు. మర్యాద అంటే నిజంగా మర్యాదే. కరెంటు ఉన్న సర్క్యూట్ దగ్గరికి వెళ్లేటప్పుడు కొంగు నడుముకు దోపి, ఎడమచెయ్యి వీపు వెనక్కి పెట్టుకునేవారు. ఏం చేసినా కుడిచేత్తోనే. రెండు చేతులూ పెడితే షాక్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి గుండె మీదుగా పోతుందని మాకూ అదే నేర్పారు. ఏ ప్లేటయినా వేడిగా ఉందో లేదో చూడాలంటే అరచెయ్యి పెట్టరు, వేళ్ల వెనకవైపు ఆనిస్తారు. కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిల్ ఉండేది. ఆ పెన్సిల్ కోసం ల్యాబంతా వెతుకుతుంటే మేం చెప్పకుండా నవ్వుకునేవాళ్లం. ఆమెకూ తెలుసనుకుంటాను, అయినా వెతికేవారు.

సాఫ్ట్ స్విచింగ్ అంటే ఏమిటో క్లాసులో రెండు వారాలు చెప్పారు, బోర్డు నిండా లెక్కలు వేసి. నా బుర్రకు ఎక్కలేదు. మేడం ఐదు నిమిషాల్లో చెప్పారు. బ్యాటరీకీ, అది నడిపే యంత్రానికీ మధ్య కన్వర్టర్ అని ఒక పెట్టె ఉంటుంది. ఎంత వోల్టేజి కావాలో అంతకు మార్చి ఇవ్వడం దాని పని. అందులోని స్విచ్చులు సెకనుకు లక్షసార్లు ఆన్ అయి ఆఫ్ అవుతాయి. మీద వోల్టేజి ఉండగానే స్విచ్ ఆన్ చేస్తే ప్రతిసారీ కాస్త వేడి పుడుతుంది. సెకనుకు లక్షసార్లు కాస్త అంటే, పెట్టె పొయ్యి అవుతుంది.

"జగిత్యాల బస్టాండ్ల నడిచే బస్సుల నుంచి దునికితే ఏమైతది? పడతవు. ఆగినంక దిగితే? ఏం గాదు. స్విచ్ గూడ గంతే. వోల్టేజి సున్నకు వచ్చినంక ఆన్ చెయ్యాలె" అన్నారు మేడం. ఆ సున్నా ఎప్పుడొస్తుంది మేడం అని అడిగాను, తెలివైనదాన్ని అనుకుని. "దానంతట అది రాదు బిడ్డా. తెప్పించాలె" అన్నారు.

తెప్పించేది పెట్టెలో ఉండే తీగచుట్టలో పారే కరెంటు. స్విచ్ మీద నిలిచి ఉన్న వోల్టేజిని అది లాగేసి సున్నా చేస్తుంది, అప్పుడు ఆన్ చేస్తే వేడే ఉండదు. ఇందులో ఒక చిక్కుంది. పెట్టె మీద బరువు, అంటే అది నడిపే లోడు, బాగా ఉన్నప్పుడు చుట్టలో కరెంటు బాగా ఉంటుంది, పని సాఫీగా జరుగుతుంది. బరువు లేనప్పుడు చుట్టలో కరెంటు చాలదు, వోల్టేజి సున్నాకు రాదు, స్విచ్ మాత్రం తన టైముకు ఆన్ అవుతూనే ఉంటుంది. అంటే ఈ పెట్టె నిండా పని చేస్తుంటే చల్లగా ఉంటుంది, ఖాళీగా ఉంటే కాలుతుంది. తెలియనివాళ్లు ఎవరూ నమ్మరు. చదువుకున్నవాళ్లు కూడా మరిచిపోతారు. పరీక్ష అంటే ఫుల్ లోడు పెట్టి చూసి చేతులు దులుపుకుంటారు.

మేడం మరిచేవారు కాదు. ఆమె ల్యాబ్‌లో ఏ కన్వర్టర్ తయారైనా చివరికి ఒక గంట ఖాళీగా నడపాలి. రెండు దిక్కులా కరెంటు పంపే కన్వర్టరయితే రెండు గంటలు, దిక్కుకొకటి. బ్యాటరీలోకి ఎక్కించే దిక్కు ఒక గంట, బ్యాటరీ నుంచి తీసుకునే రివర్స్ దిక్కు ఒక గంట. పది నిమిషాలకోసారి వేడి ఎంతుందో నోట్‌బుక్కులో రాయాలి. పక్కన స్టూలు వేసుకుని కూర్చోవాలి, లేవకూడదు. గంటసేపు ఏమీ జరగదు. ఫ్యాను తిరుగుతుంటుంది, బయట ఎవరో నవ్వుతుంటారు. మాకు ప్రాణం పోయేది. "పనిల ఉన్నప్పుడు అందరు మంచిగనే కనవడ్తరు. పని లేనప్పుడు ఏం చేస్తరో గది చూడాలె" అనేవారు ఆమె, పెన్సిల్ కోసం కొప్పు తడుముకుంటూ.

నా ఫైనలియర్ ప్రాజెక్టు అలాంటి రెండు దిక్కుల కన్వర్టరే. ఆలోచన నాది, ఊరు మాది కాబట్టి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటాం. మా అమ్మ తమ్ముడికి ఎనిమిది సాంచెల షెడ్డు ఉంది. నేస్తుండగా కరెంటు పోయి వస్తే సాంచ ఆగిన చోట గుడ్డ మీద అడ్డంగా ఒక గీత పడుతుంది, ఆ గుడ్డను కొనే సేట్లు వెనక్కి పంపుతారు. పైన సోలార్ పలకలు, కింద బ్యాటరీ, మధ్యలో మా పెట్టె ఉంటే నాలుగు సాంచెలయినా ఆగకుండా నడుస్తాయి. మామను అడిగితే, మా పిల్ల చేస్తానంటే నేను వద్దంటానా అన్నాడు. కొలతలు చూడ్డానికి మేడంను తీసుకుపోయాను. ఆమె షెడ్డంతా తిరిగి, సాంచెలు ఏడాదిలో ఎన్ని రోజులు ఖాళీగా ఉంటాయని అడిగారు. ఆ ఏడు పని మస్తుగా ఉంది. "సాంచ ఖాళీగ ఎందుకుంటది మేడం, మేమే ఖాళీ లేం" అని మామ నవ్వాడు. ఆమె ఆ జవాబు కూడా నోట్‌బుక్కులో రాసుకున్నారు.

నాలుగు నెలలు పట్టింది. తీగచుట్టలు నాలుగుసార్లు చుట్టాను, మూడుసార్లు ఆమె విప్పించారు. చివరికి ఫుల్ లోడు మీద రెండు దిక్కులా పెట్టె చల్లగా వచ్చింది. ఎక్కించే దిక్కు ఖాళీ గంట కూడా నడిపాను, కాస్త వెచ్చబడింది, ఫరవాలేదు. మిగిలింది రివర్స్ గంట.

ఆ రోజు మధ్యాహ్నం మేడంకు పక్క బ్లాకులో పరీక్ష డ్యూటీ పడింది. మర్నాడు పొద్దున నాకు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ, ఈ ప్రాజెక్టు చూసి పిలిచారు. నాలుగింటి బస్సు దొరికితేనే రాత్రికి చేరతాను. "రెండున్నరకు మొదలువెట్టు. నేనొచ్చి సంతకం పెడ్త. లేవకు" అని చెప్పి మేడం వెళ్లారు.

నేను మొదలే పెట్టలేదు. బ్యాగు సర్దుకున్నాను, సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించుకుని వచ్చాను, దానికే టైమంతా పోయింది. అప్పుడు నోట్‌బుక్ తీసి, ఎక్కించే దిక్కు అంకెలు ముందు పెట్టుకుని, ప్రతిదానికీ ఒక డిగ్రీ కలిపి రివర్స్ గడిలో రాశాను. పది నిమిషాలకొకటి చొప్పున రాసినట్టు కనపడాలని మధ్యలో పెన్ను కూడా మార్చాను. ఈ పెన్ను మార్చిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. తొందరలో చేసిన పొరపాటు అని చెప్పుకోవడానికి అది అడ్డం వస్తుంది.

మేడం నాలుగుకు ముందే వచ్చారు, పరుగులాంటి నడకతో, నా బస్సు పోతుందని. నోట్‌బుక్ చూశారు. తర్వాత అలవాటు ప్రకారం ఎడమచెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని, కుడిచేతి వేళ్లు తిప్పి, వేడి పోయేందుకు పెట్టిన అల్యూమినియం పలకకు ఆనించారు.

"చల్లగుంది బిడ్డా" అన్నారు.

ఆమె నవ్వడం నేను ఎక్కువ చూడలేదు. ఆ రోజు నవ్వారు. రివర్స్‌లో ఖాళీగా గంటసేపు నడిచి ఇంత చల్లగా ఉన్న పెట్టె తన సర్వీసులో ఇదే మొదటిదని అన్నారు. నడవని పెట్టె చల్లగా ఉండక ఏమవుతుంది? ఆ మాట నా గొంతు దాకా వచ్చింది. బస్సుకు ఇరవై నిమిషాలుంది. కొప్పులోంచి పెన్సిల్ తీసి, మళ్లీ పెట్టేసి, నా పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టారు. గేటు దాకా వచ్చి నన్ను ఆటో ఎక్కించారు.

ఉద్యోగం వచ్చింది. పెట్టెను సిరిసిల్లలో బిగించిన రోజు నాలుగు సాంచెలూ ఒక్కసారి నడిపి చూపించాం. నిండా బరువు కదా, చల్లగానే ఉంది. మామ పక్క షెడ్లు నడిపే ఆసాములను పిలిచి అందరితో చెయ్యి పెట్టించాడు.

ఏడాది తిరక్కుండానే ఆర్డర్లు ఆగిపోయాయి. సాంచెలు నెలరోజులు నడవలేదు. పని లేనప్పుడు మెయిన్ ఎందుకని మామ దాన్ని ఆఫ్ చేసి, ఒక ఫ్యానూ ఒక లైటూ బ్యాటరీ మీద నడుపుకుంటూ రోజూ షెడ్డులో ఊరికే కూర్చునేవాడు. పెట్టె రివర్స్‌లో, దాదాపు ఖాళీగా, రోజుల తరబడి నడిచింది. నేను నడపని గంట అక్కడ అన్ని గంటలు నడిచింది. ఒక మధ్యాహ్నం స్విచ్చులు కాలి, పైనున్న వైర్లు అంటుకున్నాయి. గోడ పక్కన పడుగు దారాలు చుట్టి పెట్టిన బీమ్ ఉంది, మళ్లీ పని వస్తే ఎక్కించడానికి. మామ ఫ్యాను కింద కూర్చున్నవాడు లేచి, ఆ బీమ్‌కు మంట పాకకుండా దాన్ని చేత్తో లాగాడు. కుడిచేతి రెండు వేళ్లు కాలి కలిసిపోయాయి. మాన్పించారు గానీ వంగవు. తెగిన పోగును ముడివేసే వేళ్లు అవే. ముప్ఫై ఏళ్లు సాంచ నడిపిన మనిషి ఇప్పుడు పోగు తెగితే పనివాణ్ని కేకేయాలి.

సంగతి తెలిసిన మూడో రోజు మేడం నాకు ఫోన్ చేశారు. ముందు మామ ఎలా ఉన్నాడని అడిగారు.

"రివర్స్ గంట నడిపినవా బిడ్డా?"

"నడిపిన మేడం."

"సరే" అన్నారు. అంతే. ఆ సరేలో కోపం ఉందా, నమ్మకం ఉందా, తెలిసిపోయిన బాధ ఉందా అని నేను లెక్కలేనన్నిసార్లు వెతుక్కున్నాను. ఆమె మామూలుగా ఎలా అంటారో అలాగే అన్నారు.

కాలేజీవాళ్లు విచారణ పెట్టారు. నోట్‌బుక్ తెప్పించారు. రెండు గడుల్లోనూ ఒకదానికొకటి సరిగ్గా ఒక డిగ్రీ తేడాతో నడిచిన అంకెలు అవి. ఇరవై ఏళ్లు రీడింగులు చూసిన మనిషికి, ఏ యంత్రమూ అంత బుద్ధిగా వేడెక్కదని తెలియదా? ఆమె మాత్రం ఆ మాట ఎత్తలేదట. టెస్టు జరిగినప్పుడు తాను ఎదురుగా లేనని, చూడకుండా సంతకం పెట్టానని, పిల్లకు బాధ్యత లేదని అన్నారట. ల్యాబ్‌లో పనిచేసే అటెండర్ నాకు ఫోన్‌లో చెప్పాడు. ఆ జూన్‌లో ఆమె కాగితం మారలేదు. ఆ నెలలోనే నాకు ఆఫీసులో కొత్త కుర్చీ ఇచ్చారు.

మా ఇంట్లో ఆమె పేరెత్తితే తిట్లే. ఏం చేయాలో తెలియని మనిషి చేతిలో పిల్లను పెట్టాం, నా తమ్ముడి చెయ్యి పోయింది అని అమ్మ ఏడ్చేది. మామ తిట్టేవాడు కాదు. ఆమె గురించి మాట వస్తే లేచి బయటికి వెళ్లేవాడు. నన్ను మాత్రం ఎప్పటిలాగే చూసుకున్నాడు. పండుగకు పోతే ఆ చేత్తోనే నా తల మీద నిమిరేవాడు. నేను తల వంచుకుని నిలబడేదాన్ని.

ఉద్యోగం పోయాక మేడం కోరుట్లలో చెల్లెలి ఇంట్లో ముందుగదిలో ఇన్వర్టర్లు, ఎలక్ట్రిక్ ఆటోల చార్జర్లు, మందు కొట్టే బ్యాటరీ పంపులు బాగుచేసేవారు. ఏడాది తర్వాత ఒకసారి వెళ్లాను, చెప్పేద్దామనే. ఆమె నన్ను చూసి నిజంగా సంతోషపడ్డారు. ఒక ఆటో డ్రైవర్ చార్జర్ కోసం బయట కూర్చుని తొందరపెడుతున్నాడు. ఇంకా గంట ఆగాలన్నారు ఆమె. బాగైంది కదమ్మా ఇంకేంది అని అతను విసుక్కున్నాడు. "బాగైతే చాయ్ తాగుదువు, కూసో" అని అతన్ని కూర్చోబెట్టి, చార్జర్‌ను ఖాళీగా ఆన్ చేసి, స్టూలు నా వైపు జరిపారు. ఇద్దరం ఆ గంటంతా దాని పక్కనే కూర్చున్నాం.

చెప్పడానికి అంతకన్నా మంచి గంట ఇంకెక్కడ దొరుకుతుంది? మొదలుపెట్టాను కూడా. మేడం, ఆ రోజు, అన్నాను. ఆమె తల తిప్పి నా ముఖంలోకి చూశారు, ఆగి చూశారు. కంగారుపడి, ఆ రోజు మీరు గేటు దాకా వచ్చారు కదా, థాంక్స్ చెప్పలేదు అన్నాను. ఆమె చార్జర్ వైపు తిరిగి వేళ్లు ఆనించారు. "కంపెనీల మంచిగ చూస్కుంటున్నరా?" అని అడిగారు. తర్వాత మాట్లాడుకున్నవి ఏవీ నాకు గుర్తులేవు.

ఆమె కోపం తగ్గాక, మామ చెయ్యి కాస్త వంగాక, నా పెళ్లయ్యాక, ఏదో ఒకటి సున్నాకు వచ్చాక చెబుదామని నాలుగేళ్లు జరిపాను. సున్నా దానంతట అది రాదని చెప్పిన మనిషి దగ్గర చదువుకుని కూడా.

ఇక్కడ మా టెస్టింగ్ గదిలో నేను ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకోవడం చూసి కుర్రాళ్లు మిలిటరీ మేడం అని ఏడిపిస్తారు. ప్రతి చార్జర్‌నూ ఒక గంట ఖాళీగా నడుపుతాను. కంపెనీ అడగలేదు, మేనేజర్ రెండుసార్లు వద్దన్నాడు కూడా. ఆ గంటలో గది తలుపు వేసి ఉంటుంది. పది నిమిషాలకోసారి నోట్‌బుక్ తీసినప్పుడు పక్కన స్టూలు మీద బరువు కదిలినట్టు ఉంటుంది. కొన్నిసార్లు నా కంటే ముందే ఎవరో పలక మీద వేళ్లు ఆనించి తీసినట్టు ఉంటుంది. ఇవన్నీ మనసు చేసే పనులని తెలుసు, తెలిసి కూడా వెనక్కి చూడను. ఆమె బతికి ఉన్నప్పటి నుంచే ఇలా ఉంది. పోయాక ఎక్కువైంది. నాకు భయం ఒక్కటే, ఆమె మళ్లీ అదే ప్రశ్న అడుగుతారేమోనని, నేను మళ్లీ అదే జవాబు చెబుతానేమోనని.

ఆదరణ కూడికకు వెళ్లాను. చిన్న చర్చి, అందరూ పట్టలేదు. ఆటో డ్రైవర్లు కూడా వచ్చారు. పాస్టరు గారు మాట్లాడాక చెల్లెలు నన్ను పక్కకు తీసుకుపోయి, సిరిసిల్లలో తప్పెవరిదని అక్కను తాను చాలాసార్లు అడిగానని చెప్పింది. "సంతకం నాది అనేది. అంతకు మించి ఒక్క మాట చెప్పలే" అంది. చెల్లెలికి అక్కడే అంతా చెప్పాను. విని ఆమె చేతిలో ఉన్న పుస్తకాల కట్ట ఇంకో చేతికి మార్చుకుంది. "మీ మామకు చెప్పు. మా అక్కను ఆయన అట్లనే అనుకుంట ఉండొద్దు" అంది. నన్ను క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు.

అటునుంచి అటే బస్సెక్కాను. రుద్రంగి, వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. ఇంటికి పోకుండా నేరుగా షెడ్డుకు వెళ్లాను. మామ ఒక్కడే ఒక సాంచ నడుపుతున్నాడు. ఆ చివర పనివాళ్లు ఇద్దరు మిగతా సాంచెలకు బీమ్‌లు ఎక్కిస్తున్నారు. నన్ను చూసి సాంచ ఆపాడు. గుడ్డ మీద గీత పడుతుందని తెలిసీ ఆపాడు. కూర్చోకుండానే మొత్తం చెప్పాను. బస్సు సంగతి, అంకెలు, పెన్ను మార్చిన సంగతి, ఫోన్‌లో చెప్పిన అబద్ధం. ఏదీ వదల్లేదు.

మామ ఆ కలిసిపోయిన వేళ్లను ఇంకో చేత్తో పట్టుకుని విన్నాడు.

"ఆమెకెరుకనా?" అన్నాడు.

"తెల్వదు మామా. నేను చెప్పలే. ఎరుకై ఉంటది."

కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన నా పక్కనుంచి నడిచి, సాంచ ఆన్ చేశాడు. ఆ చివర పనివాళ్లు కూడా పని ముగించి మరో రెండు ఆన్ చేశారు. సాంచెలు నడుస్తున్న షెడ్డులో మనిషి గొంతు మనిషికి వినపడదు. అక్కడ పెరిగినవాళ్లం పెదవులు చూసి మాట అందుకుంటాం, అరవం. మా మాట అయిపోయిందని, నన్ను వెళ్లమంటున్నాడని అనుకున్నాను. గుమ్మం దాకా పోయి తిరిగి చూశాను.

మామ నా వైపే చూస్తున్నాడు. పెదవులు కదిలాయి.

"ఇక్కడికచ్చింది."

ఎవరు అని నేనూ పెదవులతోనే అడిగాను.

"మీ మేడం. చెయ్యి కాలిన గా ఎండకాలం. నా చెయ్యి చూస్తనని వచ్చింది. గీడ్నే నిలవడ్డది."

నేను నిలబడిన గుమ్మమే చూపించాడు. నాకు ఆమె ఎప్పుడూ చెప్పలేదు. కోరుట్లలో గంటసేపు పక్కన కూర్చున్న రోజు కూడా చెప్పలేదు.

మామ ఒకసారి పనివాళ్ల వైపు చూశాడు, వాళ్లు ఇటు చూడడం లేదు. మళ్లీ నా వైపు తిరిగాడు.

"మంచినీళ్లు అడిగింది. ఇయ్యలే."

నేను కదల్లేదు. నాకు అందలేదేమో అనుకుని మామ అదే మాట రెండోసారి, ఇంకా మెల్లగా, ఒక్కొక్క ముక్కే విడదీసి అన్నాడు.